జేబులోని ఇనప్పెట్టె

పూర్వము మన ఇండ్లలో ఇనప్పెట్టె తాళపుచెవి ఇంటి పెద్ద మొలత్రాటికో, ఇల్లాలి కొంగుముడికో ఉండెడిది. నేడు ఆధార్ కార్డు ప్రతి, పాసుపుస్తకపు మొదటి పుట, వైద్యుని చీటీ, ఇంటిల్లిపాది ఛాయాచిత్రములు, సమస్తమును సెల్‌ఫోనులో దాచుచున్నాము. దానిని కాఫీ హోటలు బల్లమీద వదలి చేతులు కడుగుకొనబోవుచున్నాము.

తాళము వేసితిమి గదా అని మన ధైర్యము. ఆ తాళము మంచిదే. ఇటీవలి ఫోనులలో సమాచారమంతయు సంకేతలిపిలో ఉండును. దానిని విప్పుటకు మన అంకెలు కావలెను. నాలుగంకెలకు 10,000 కూర్పులు, ఆరంకెలకు 10,00,000 కూర్పులు కలవు. పుట్టిన సంవత్సరమునే పెట్టుకొన్నవారికి ఆ లెక్క నూరు లోపునకు దిగిపోవును.

అయితే రెండవ తలుపొకటి కలదు. అది సిమ్ కార్డు. దొంగ మన ఫోనును తెరువలేకున్నను, సిమ్మును ఊడదీసి తన ఫోనులో పెట్టుకొన్నచో మన బ్యాంకు పంపు ఓటీపీ అతనికే చేరును. సిమ్మునకును వేరుగా పిన్ అను తాళము కలదు. మనలో పెక్కుమంది దానిని వేయనే వేయరు. వేయబోవుటకు ముందు మొదటి పిన్ ఏదో కంపెనీవారిని అడిగి తెలిసికొనవలెను. మూడుమారులు తప్పినచో సిమ్ ఎనిమిదంకెల పీయూకే అడుగును. అదియు పదిమారులు తప్పినచో ఆ కార్డు ఇక పనికిరాదు. తెరపై తాళముండగనే ఓటీపీ కనబడు ఏర్పాటును కూడ మాన్పించుట మేలు.

ఇక జెరాక్సు దుకాణము సంగతి. “వాట్సాప్ చేయండి” అనును దుకాణదారు. మనము ఆధార్ పంపుదుము, కాగితము తీసికొని వత్తుము. ప్రతి మాత్రము అతని ఫోనులోను, కంప్యూటరులోను నిలిచిపోవును. మన ఫోనులో దానిని చెరిపినంతమాత్రమున అక్కడ చెరగదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ కంప్యూటరునకు ఆ సంగతి తెలియదు! చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు మాస్క్‌డ్ ఆధార్ చెల్లుచోట దానినే ఇచ్చుట మంచిది. పని కాగానే మన కన్నులయెదుటనే ప్రతిని తీసివేయుమని అడుగుటకు మొగమాటపడ నక్కరలేదు.

ఫోను పోయినచో ముందు సిమ్మును నిలిపివేయించి, బ్యాంకునకు తెలుపవలెను. సొమ్ము పోయినచో 1930కి ఫోను చేయవలెను. పోలీసులకు ఫిర్యాదిచ్చిన పిమ్మట, 2023లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన సంచార్ సాథీ ద్వారా ఆ ఫోను ఏ కంపెనీ సిమ్ముతోను పనిచేయకుండ కట్టడి చేయించవచ్చును. అందుకు 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కావలెను. *#06# నొక్కినచో అది తెరపై కనబడును. దానిని కాగితముపై వ్రాసి బీరువాలో ఉంచవలెను. ఆ ఫోనులోనే భద్రముగా వ్రాసి దాచుకొన్నవారిని మేమెరుగుదుము.