నీటి అడుగున తెల్లకోట

ఖుర్ఆన్‌లో ‘రూమ్’గా ప్రస్తావించబడిన సామ్రాజ్యమే బైజాంటియం. క్రీ.శ. 840 ప్రాంతంలో డాన్ నది ఒడ్డున తమకొక కోట కట్టించి ఇమ్మని ఖజర్ల ఖాఖాన్ కోరగా, చక్రవర్తి థియోఫిలోస్ పెట్రోనాస్ అనే అధికారిని ఓడలతో పంపాడు. అక్కడ పనికొచ్చే రాయి లేదు. పెట్రోనాస్ బట్టీలు పెట్టించి ఇటుక కాల్పించాడు, ఏటి గులకరాళ్ళతో సున్నం చేయించాడు. అలా లేచిందే సర్కెల్, అంటే ‘తెల్ల ఇల్లు’. కాపలాకు 300 మంది, ఏటేటా మారేవారు.

పొరుగువారికి కోట కట్టించిన ఈ చక్రవర్తి తన తండ్రి పుట్టిన అమ్మూరియాను మాత్రం కాపాడుకోలేకపోయాడు! 838లో (హిజ్రీ 223) ఖలీఫా ముఅతసిమ్ బిల్లాహ్ దానిని జయించారు.

965లో కీవ్ రాజు స్వ్యతోస్లావ్ సర్కెల్‌ను పట్టుకున్నాడు. 1117లో జనం ఖాళీ చేశారు. సోవియట్ పరిశోధకులు 1949-51లో తవ్వి చూసిన మరుసటి ఏడాదే త్సిమ్లాన్స్క్ జలాశయం కోటను ముంచింది. పెట్రోనాస్ ఇటుకల్లో మిగిలినవి ఆ నీటి కిందే ఉన్నాయి.