జర్మనీ ఇనుప శిలువ : అసలుదా, నకిలీదా?

డోన్ : 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసుపై గుండ్లు కురిపించింది. అప్పుడు మన ప్రాంతమూ మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఆ నౌకలోని 50 మందికి జర్మనీ చక్రవర్తి రెండో తరగతి ఇనుప శిలువ పతకాలిచ్చాడు. ఎవరైనా ఓ శిలువను తెచ్చి "ఇది ఎమ్డెన్ వాళ్ళది" అని ధర చెబితే, డబ్బు తీసేముందు కొన్ని సంగతులు చూసుకోవాలి.

అసలు పతకం ఒకే పోత కాదు. నల్లరంగు పూసిన ఇనుప బిళ్ళకు ముందొకటి, వెనకొకటి వెండి చట్రాలు పెట్టి అతుకుతారు. అంచున అతుకు తెలుస్తుంది. నకిలీలు చాలావరకు ఒకే ముక్కగా పోసినవి. మొదటి యుద్ధం నాటిదైతే పైన కిరీటం, మధ్య 'డబ్ల్యు' అక్షరం, కింద 1914 వుంటాయి. అయస్కాంతానికి అంటకపోతే అనుమానించాలి. అంటినంత మాత్రాన నమ్మరాదు. నకిలీలోనూ ఇనుము పెట్టవచ్చు.

ఈ శిలువపై మామూలుగా పేరుండదు. కనుక అది ఎవరిదో కాగితం చెప్పాలి గాని, అమ్మేవాడి కథ కాదు.

అదే యుద్ధంలో మన సిపాయిలకు బ్రిటిషువారిచ్చిన వెండి పతకం తీరు వేరు. ముందు అయిదవ జార్జి బొమ్మ, వెనుక గుర్రంపై మనిషి, అంచున సిపాయి నంబరు, పేరు, పటాలం వుంటాయి. ఇంట్లో అలాంటిదుంటే చింతపండుతో తోమవద్దు, అక్షరాలు అరుగుతాయి. డిశ్చార్జి కాగితంతో కలిపి దాచాలి. కంసాలి త్రాసులో అది సుమారు 30 గ్రాముల వెండే. కరిగిస్తే తాత పేరు మళ్ళీ రాదు.