ఫింగర్ అడిగితే సర్వర్ ఎందుకు పలకదు?

దూరంగా ఉన్న సర్వర్‌లో ఎవరెవరున్నారో చెప్పే ‘ఫింగర్’ కమాండ్‌ను 1971లో స్టాన్‌ఫర్డ్‌లో లెస్ ఎర్నెస్ట్ రాశారు. ఇవాళ వాడి చూడండి, చాలాచోట్ల ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటుంది. మీరేం తప్పు టైప్ చేయలేదు. ఆ ప్రశ్న చేరాల్సిన 79వ పోర్టు దగ్గర వినే ప్రోగ్రామే లేదు.

1988 నవంబరులో ఇంటర్నెట్‌లో పాకిన ‘మోరిస్ వర్మ్’ అనే హానికర ప్రోగ్రామ్ దూరిన దారుల్లో ఫింగర్ సర్వీసు ఒకటి. అది పట్టగలిగిన దానికంటే పొడవైన ప్రశ్న పంపితే చాలు, అందులో దాచిన ఆదేశాలు నడిచాయి! పైగా ముక్కూమొహం తెలియనివాళ్లకు లాగిన్ పేర్లు చెప్పడమేమిటి? అందుకే నిర్వాహకులు దాన్ని మూసేశారు.

మరెలా? ఖాతా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికెళ్లి ‘హూ’ అని కొట్టండి. అదీ ఒక్కోసారి వెళ్లిపోయినవాళ్లను ఉన్నట్టే చూపిస్తుంది. నెట్ హఠాత్తుగా తెగితే లాగౌట్ నమోదు కాకపోవచ్చు. అప్పుడు ‘డబ్ల్యూ’ కొట్టి, ఎంతసేపటి నుంచి కీ నొక్కలేదో చూడండి.