‘ప్రజలు’ అనే మాట వెనుక

జనాకర్షక రాజకీయాలనగానే ‘అది మోసం, జనం మోసపోయారు’ అని తేల్చేయడం మనకు అలవాటు. నేనూ చాలాకాలం అలాగే అన్నాను. కాని ఆ నాయకుడి మాటలు జనానికి తమ మాటలుగా ఎందుకు వినిపించాయన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

అర్జెంటీనాలో పుట్టిన ఎర్నెస్టో లక్లావ్ (1935-2014) డిస్కోర్సు సిద్ధాంతంతో ఆ జవాబు వెతికాడు. డిస్కోర్సు అంటే ఉపన్యాసం కాదు. మాటలూ చేతలూ కలిసి అర్థాన్ని స్థిరపరిచే వ్యవస్థ. ‘ప్రజలు’ ముందే సిద్ధంగా ఉండరు, రాజకీయాలే వారిని నిర్మిస్తాయని అతని వాదన. కోర్కెలు విడివిడిగా ఉన్నంతకాలం అవి అర్జీలు. పాలకులు అన్నిటినీ తోసిపుచ్చితే వాటి మధ్య బంధుత్వం పుడుతుంది. అప్పుడు ఒక మాట తన సొంత అర్థాన్ని పలచబరచుకొని అన్ని కోర్కెలకూ ప్రతినిధి అవుతుంది. ‘మనం - వాళ్లు’ అనే గీత పడుతుంది.

మన అనుభవమే చూద్దాం. 1978-83 మధ్య కాంగ్రెసు పాలనలో రాష్ట్రం నలుగురు ముఖ్యమంత్రులను చూసింది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ ముఖ్యమంత్రి అంజయ్యను బహిరంగంగా మందలించారు. మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం స్థాపించి, 1983 జనవరిలో అధికారానికి వచ్చారు. ‘ఆత్మగౌరవం’ అన్న ఒక్క మాటలో రెండు రూపాయలకు కిలో బియ్యం ఆశించిన కూలీ, అధికారంలో వాటా కోరిన ధనిక రైతు, వెనుకబడిన కులాల యువకుడు ఎవరి అర్థం వారు చూసుకున్నారు. గీతకు అవతల ఢిల్లీ నిలబడింది.

అయితే ఆ ‘మనం’లో అందరూ సమానులేనా? 1985 జూలై 17న కారంచేడులో అగ్రకుల భూస్వాములు ఆరుగురు మాదిగలను చంపినప్పుడు గొలుసు ఎక్కడ తెగిందో తేలిపోయింది. ఆత్మగౌరవం దళిత ఉద్యమం నినాదమైంది. తరువాత అదే మాట తెలంగాణ ఉద్యమంలో ‘తెలుగుజాతి ఒక్కటే’ అన్న వాదాన్నే ఎదిరించింది. 2014 జూన్ 2న ప్రత్యేక రాష్ట్రం ఏర్పడింది. మాట ఒకటే, గీత మారింది.

లక్లావ్‌తో నాకు పేచీ ఇక్కడే. గొలుసు ఎలా అల్లుకుంటుందో అతను చక్కగా చూపాడు. దాని కొస ఎవరి చేతిలో ఉందో తెలియాలంటే మాత్రం భూమినీ, కులాన్నీ, పెట్టుబడినీ పరిశీలించక తప్పదు. 1985లో శాంతాల్ మూఫ్‌తో కలిసి రాసిన గ్రంథంలో అతను వర్గానికున్న ప్రాథమికతను తోసిపుచ్చాడు. అది నేను ఒప్పుకోలేను.

కనుక ఒక రాజకీయ ప్రసంగాన్ని పరిశీలించే విద్యార్థి మూడు ప్రశ్నలు వేయాలి: ఎవరిని కలిపారు? ఎవరిని శత్రువు చేశారు? ఎవరిని వదిలేశారు? ప్రజాకవి, ప్రజాసాహిత్యం అని నిత్యం రాసే మనం మూడో ప్రశ్నను ముందుగా మన రచనలకే వేసుకోవాలి.