బిట్లలో షేక్‌స్పియర్

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగితే చాలు, కోచింగ్ బోర్డులు పలకరిస్తాయి. డీఎస్సీ, గురుకులం, జూనియర్ లెక్చరర్, సెట్, నెట్... ఇంగ్లిష్ సబ్జెక్టుగా వీటిలో ఏది రాసినా కవులు, కాలాలు, సాహిత్య పదాలు తప్పవు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సు దిగి, బ్యాగు భుజాన వేసుకుని హాస్టల్ వెతుక్కున్న నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం పిల్లలు వాటిని బిట్లుగా బట్టీ పడుతుంటారు. ఆ బిట్ల వెనకున్న విశేషాలు కొన్ని ఇవి. వీటిలో చాలా మటుకు మన ఇంటి సంగతులే.

నెట్ ఇంగ్లిష్ రెండో పేపర్‌లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. సిలబస్‌లో 10 యూనిట్లుంటే, ఆరోది అచ్చంగా మన దేశంలో ఇంగ్లిష్ నడిచిన దారి గురించే. పుస్తకాల్ని వచ్చిన వరసలో పెట్టమనే ప్రశ్నలకు 1817 మంచి గుర్తు. కోల్‌రిడ్జ్ ‘బయోగ్రాఫియా లిటరేరియా’ ఆ ఏడాదే వచ్చింది. కీట్స్ తమ్ముళ్లకు రాసిన ఉత్తరంలో ‘నెగటివ్ కేపబిలిటీ’ అన్నదీ ఆ డిసెంబరులోనే. దొరికిన ఆయన రాతల్లో ఆ మాట ఇంకెక్కడా లేదు. ఒక్కసారి అన్న మాట రెండు వందల ఏళ్ల తర్వాత కూడా పరీక్షల్లో నలుగుతోంది.

శామ్యూల్ బట్లర్లు ఇద్దరు. ‘హుడిబ్రాస్’ మొదటి భాగాన్ని 1663 నాటికి తెచ్చినాయన ఒకరు, 1872లో ‘ఎరివాన్’ తెచ్చినాయన మరొకరు. జార్జ్ ఇలియట్ ఆవిడ. అసలు పేరు మేరీ ఆన్ ఇవాన్స్. టి.ఎస్. ఇలియట్‌తో చుట్టరికం కలిపేస్తే మార్కు పోయినట్టే.

చైతన్యపురి దాటి ఎల్‌బీ నగర్ వెళ్లే మెట్రో మధ్యలో ఆగే స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. సరూర్‌నగర్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనాథ పిల్లల కోసం ఇచ్చిన భవనంలో నడిచిన విక్టోరియా మెమోరియల్ హోమ్ పేరు మీద వచ్చిందది. విక్టోరియన్ యుగం ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అని అడిగితే, రాణి ఏలిన కాలం 1837 నుంచి 1901 దాకా అని ఆ స్టేషన్ దగ్గర ఒకసారి తలుచుకుంటే చాలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సిమిలీ అంటే ఉపమ, మెటఫర్ అంటే రూపకం అని అందరూ చెబుతారు. కానీ తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడి చేతిలో అంతకన్నా పెద్ద ఆస్తి ఉంది. ఉపమాలంకారం అనగానే ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం అని నాలుగు భాగాలూ బడిలోనే వరసగా అప్పజెప్పి ఉంటాడు. ఇంగ్లిష్ విమర్శలో దేన్ని పోలుస్తున్నామో అది ‘టెనర్’, దేనితో పోలుస్తున్నామో అది ‘వెహికిల్’. మెటఫర్‌ను విప్పి చెప్పడానికి ఐ.ఎ. రిచర్డ్స్ ఈ రెండు పేర్లూ పెట్టింది 1936లో. ఉపమేయం, ఉపమానం అప్పటికే శతాబ్దాల పాతవి. ఈ ఒక్క ముక్క మొదటి రోజు క్లాసులోనే చెబితే, ఇంగ్లిష్ అంటే బెదిరే పిల్లల వెన్ను నిటారవుతుందని నా గట్టి నమ్మకం. అతిశయోక్తి, శ్లేష, అనుప్రాస తెలిసినవాళ్లకు హైపర్‌బలీ, పన్, ఎలిటరేషన్ కొత్త సరుకు కాదు. పేర్లే కొత్తవి.

ఆక్సిమోరాన్ అన్న మాటే ఒక ఆక్సిమోరాన్. గ్రీకులో ఆక్సిస్ అంటే వాడి, మోరోస్ అంటే మొద్దు. మన విరోధాభాసకు దగ్గరి బంధువు.

‘పథెటిక్ ఫ్యాలసీ’ దగ్గర జారడం తేలిక. పథెటిక్ అంటే దయనీయం అనుకుని, జాలి గొలిపే సన్నివేశమన్న ఆప్షన్‌కు ఓటేసేస్తాం. మబ్బు ఏడ్చిందనీ గాలి నిట్టూర్చిందనీ ప్రకృతికి మనిషి మనసు అంటగట్టడం దాని అసలు అర్థం. జాన్ రస్కిన్ 1856లో ‘మోడర్న్ పెయింటర్స్’ మూడో సంపుటంలో పెట్టిన పేరది. ఫ్యాలసీ అన్నాడంటేనే ఆయనకు అదొక పొరపాటు. మన ఆలంకారికులేమో అలాంటి చోట్లే ఉత్ప్రేక్షనో సమాసోక్తినో చూసి మెచ్చుకున్నారు. ఒకరికి దోషం, ఇంకొకరికి ఆభరణం. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలో ఇది పట్టదు గానీ, ఇంటర్వ్యూలో అడిగితే చెప్పదగ్గ మాట.

‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’ రాసిందెవరు, ఏ ఏడాది? ఇ.ఎం. ఫార్‌స్టర్, 1924. ఎవరికి అంకితమిచ్చాడన్నది హైదరాబాద్ వాళ్లు అస్సలు మరవకూడని జవాబు: సయ్యద్ రాస్ మసూద్‌కు. ఇంగ్లండ్‌లో మసూద్‌కు లాటిన్ చెప్పడానికి కుదిరిన ఫార్‌స్టర్ జీవితాంతం స్నేహితుడయ్యాడు. మసూద్ తర్వాత నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరై, ఉస్మానియా విశ్వవిద్యాలయం నిలదొక్కుకోవడంలో ముఖ్య పాత్ర వహించాడు. ఆయన్ని చూడటానికి ఫార్‌స్టర్ 1921లో హైదరాబాద్ వచ్చాడు. 1918లో మొదలైన ఆ ఉస్మానియా ఉర్దూ మీడియంలో నడిచింది. ఇంగ్లిష్ మాత్రం తప్పనిసరి సబ్జెక్టు. 1958లో దాని పక్కనే వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఇప్పటి ఇఫ్లూ.

సరోజినీ నాయుడు 12 ఏళ్లకే మద్రాస్ విశ్వవిద్యాలయం మెట్రిక్‌లో మొదటి స్థానం తెచ్చుకుంది. 1905లో వచ్చిన ఆమె తొలి కవితా సంపుటి ‘ది గోల్డెన్ త్రెషోల్డ్’ పేరే ఆబిడ్స్‌లోని వాళ్ల ఇంటికీ నిలిచింది.

తెలుగు నాటకంలో గుర్తుండిపోయే ఇంగ్లిష్ పరీక్ష ‘కన్యాశుల్కం’లో ఉంది. అసలు పరీక్ష తప్పి ఇంటికొచ్చిన వెంకటేశాన్ని, గిరీశంతో ఇంగ్లిష్ మాట్లాడమని తల్లి వెంకమ్మ ముచ్చటపడి అడుగుతుంది. ఇద్దరూ పాఠాల్లోని ముక్కలూ పద్యాలూ ఒకరి మీద ఒకరు విసురుకుంటే, ఆ తల్లి మురిసిపోతుంది. అర్థంతో పని లేని బట్టీ ఎలా ఉంటుందో గురజాడ అప్పుడే చూపించాడు. అందుకే బిట్ బ్యాంకు పట్టుకున్న ప్రతి విద్యార్థీ ఆ సన్నివేశం ఒక్కసారైనా చదవాలని కోరుకుంటాను.

సాహిత్య పదాలకు ఇంగ్లిష్ వాళ్లు చేతిలో పెట్టుకునే పుస్తకం ఎం.హెచ్. ఏబ్రమ్స్ గ్లాసరీ, 1957 నాటిది. అలాంటి పుస్తకమే ఓరుగల్లులో, 1323లో కాకతీయ రాజ్యం కూలకముందే తయారైంది. అదే విద్యానాథుడి ‘ప్రతాపరుద్రీయం’. ప్రతి అలంకారానికీ లక్షణం చెప్పి, ప్రతాపరుద్రుణ్ణి పొగిడే శ్లోకమే ఉదాహరణగా ఇచ్చాడు. నాటకం ఎలా ఉండాలో చూపడానికి ఏకంగా ఒక నాటకం రాసి మధ్యలో పెట్టాడు. మెతుకుసీమ కొలిచెలమకు చెందిన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ శ్లోకంలో ఏ అలంకారముందో విప్పి చెబుతాడు. భారవి కావ్యానికి రాసిన వ్యాఖ్యకు ఘంటాపథమని పేరు పెట్టాడు, అంటే రాజమార్గం. ప్రతాపరుద్రీయానికి వ్యాఖ్య రాసింది ఆయన కొడుకు కుమారస్వామి. దాని పేరు రత్నాపణం. ఆపణమంటే అంగడి, రత్నాలమ్మే అంగడి.