వార్తల్లో పదం: రాప్

రీకన్సిలియేషన్ యాక్షన్ ప్లాన్‌కు పొట్టి పేరు రాప్. సయోధ్య ప్రణాళిక అనుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని ఆదివాసులు, టోరెస్ జలసంధి దీవుల వాసులకు తాము ఏం చేస్తామో, ఎప్పటిలోగా చేస్తామో కంపెనీలు రాసిచ్చే పత్రమిది. వాళ్లకు ఉద్యోగాలివ్వడం, వాళ్ల వ్యాపారాల నుంచి సరుకు కొనడం, సిబ్బందికి వాళ్ల చరిత్ర చెప్పించడం వంటివి అందులో ఉంటాయి. రీకన్సిలియేషన్ ఆస్ట్రేలియా అనే సంస్థ 2006లో దీన్ని మొదలుపెట్టింది. రిఫ్లెక్ట్, ఇన్నోవేట్, స్ట్రెచ్, ఎలివేట్ అని నాలుగు మెట్లు.

ఒకప్పుడు పై మెట్టు మీదున్న కంపెనీల్లో గనుల సంస్థ రియో టింటో ఒకటి. 2020 మే 24న అదే కంపెనీ ఇనుప ఖనిజం కోసం ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతపు జూకన్ కనుమలో రాతి గుహలను పేల్చేసింది. 46 వేల ఏళ్ల కిందటి మనుషుల ఆనవాళ్లున్న చోటది. మనిషి జుట్టుతో అల్లిన 4 వేల ఏళ్ల నాటి పట్టీ ముక్క ఒకటి అంతకుముందే అక్కడ దొరికింది. డీఎన్ఏ చూస్తే, ఆ జుట్టు ఇప్పుడక్కడున్న పూటు కుంటి కుర్రమ, పినికుర ప్రజల పూర్వీకులదే! పేలుడుకు చట్టప్రకారం అనుమతి ఉంది మరి. రాప్ ఉన్నా ఆపలేదు, చట్టమూ ఆపలేదు.

కొద్దివారాలకే రియో టింటోను రాప్ కార్యక్రమం నుంచి సస్పెండ్ చేశారు. ఆ సెప్టెంబరులో సీఈఓ తప్పుకుంటున్నట్టు కంపెనీ ప్రకటించింది. తమ నేల మీద గని ఎలా సాగాలో ముందే కూర్చుని మాట్లాడుకునే సహనిర్వహణ ఒప్పందం ఆ ప్రజలకు 2025లో గానీ దక్కలేదు.