బిందెడు నీళ్లు... బారెడు బిల్లు!

పొద్దున్నే కుళాయిలో నీళ్లు రావాలంటే మోటారు తిరగాలి. మోటారు తిరగాలంటే కరెంటుండాలి. ఆ బిల్లు కట్టేదెవరు? వచ్చిన నీళ్లు మంచివో కావో చూసేదెవరు? పల్లెలో ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే... పంచాయతీ!

ఏ ఊరికెళ్లినా వాటర్‌ట్యాంకు కింద కనిపించేవి అవే. ఓ మోటారు షెడ్డు, గోడకు స్టార్టరు, మూలన మూతి విప్పిన బ్లీచింగ్‌ పౌడరు సంచి. వారానికోసారో, గుర్తొచ్చినప్పుడో ఓ డబ్బాడు పౌడరు ట్యాంకులో కుమ్మరిస్తే క్లోరినేషన్‌ అయిపోయినట్టే. ఎంత వేశారు, ఎప్పుడు వేశారు అని అడిగేవాళ్లు తక్కువ. వాసన ఘాటుగా వచ్చినరోజు మాత్రం తిట్లు తప్పవు!

నిజానికి దానికో లెక్కుంది. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు. అంటే 60 వేల లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. నీళ్లు మురికిగా ఉంటే ఇంకాస్త ఎక్కువ. కలిపాక కనీసం అరగంట ఆగి వదలాలి. తాజా పౌడరులో క్లోరిన్‌ 33 శాతం దాకా ఉంటుంది. మూతి విప్పిన సంచి గాలికీ తేమకీ నెలల తరబడి పడుంటే అందులో మిగిలేది చాలావరకూ సున్నమే. అప్పుడు డబ్బాలు డబ్బాలు పోసినా నీళ్లు తెల్లబడతాయి కానీ క్రిములు చావవు. అసలు పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, పైపులైను చిట్టచివరి ఇంట్లో. అక్కడ లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్‌ మిగిలుండాలన్నది భారతీయ ప్రమాణాల సంస్థ నిబంధన.

కరెంటు పోతే... కలరా?

నీళ్ల స్వచ్ఛతకీ కరెంటుకీ ఏమిటి సంబంధం అనిపించొచ్చు. చాలా ఉంది. పైపులో నీళ్లు ఒత్తిడితో పారుతున్నంతసేపూ పగులున్నచోట నీళ్లు బయటికి చిమ్ముతాయి. కరెంటు పోయి మోటారు ఆగి, లైను ఖాళీ అయిందా... అదే పగులు నుంచి పక్కనున్న మురికి లోపలికి వెళ్తుంది. పైపు మురుక్కాలవ మధ్యలోంచి పోతుంటే ఇక చెప్పేదేముంది! మళ్లీ నీళ్లు వదలగానే ఆ మురికంతా ముందు వచ్చే బిందెలోకే. 2009 మేలో హైదరాబాద్‌ భోలక్‌పూర్‌లోనూ 2018లో గుంటూరులోనూ మంచినీళ్లలో మురుగు కలిసి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నగరాల సంగతే అలా ఉంటే పల్లెల మాట ఏం చెప్పాలి?

భూగర్భజలం అడుగంటినకొద్దీ బోరు లోతు పెరుగుతుంది, మోటారు హార్స్‌పవర్‌ పెరుగుతుంది, బిల్లూ పెరుగుతుంది. గట్టి రాతి నేలల్లో చాలాచోట్ల లోతుకు వెళ్లేకొద్దీ ఫ్లోరైడ్‌ కూడా ఎక్కువే. కాచినా, వడకట్టినా అది పోదు. అది నల్గొండ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. దీనికితోడు, కాలిపోయిన ప్రతిసారీ వైండింగ్‌ చేయించి నెట్టుకొస్తున్న పాత మోటారు అదే పనికి ఎక్కువ కరెంటు తాగుతుంది. ఎంత తాగుతోందో చూసిన పంచాయతీలు మాత్రం అరుదు. చివరికి బకాయిలు పేరుకుపోతాయి, విద్యుత్‌ సిబ్బంది ఫ్యూజు పీకుతారు. ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద మళ్లించారంటూ 2021లో ఆంధ్రప్రదేశ్‌ సర్పంచులు రోడ్డెక్కారు కూడా.

1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలను జాబితాగా ఇచ్చింది. అందులో తాగునీరు 11వది, గ్రామీణ విద్యుదీకరణ 14వది, సంప్రదాయేతర ఇంధనం 15వది. కాగితం మీద పక్కపక్కనే ఉన్నా ఈ మూడింటినీ కలిపి ఆలోచించిన ఊళ్లు వేళ్లమీద లెక్కపెట్టేన్నే.

గాలిమర కొన్న పంచాయతీ

తమిళనాడు కోయంబత్తూరు జిల్లాలో, మేట్టుపాళయం దగ్గరున్న ఓడంతురై అలాంటిది. 1996 నుంచి 2006 వరకూ ఆర్‌.షణ్ముగం అక్కడ సర్పంచి. ఆయన హయాంలోనే భవానీ నది నుంచి ఇంటింటికీ నీళ్లొచ్చాయి. సంబరం తీరకముందే బిల్లొచ్చింది! వీధిదీపాలకూ నీటి పంపులకూ కట్టే కరెంటు బిల్లు కొన్నేళ్లలోనే ఎన్నో రెట్లయింది. ముందుగా 9 కిలోవాట్ల బయోమాస్‌ గ్యాసిఫయర్‌ పెట్టి, కట్టెముక్కల గ్యాస్‌తో పంపులు నడిపారు. ఖర్చు తగ్గింది. అక్కడితో ఆగలేదు. 2006లో ఏకంగా 350 కిలోవాట్ల గాలిమర కొన్నారు. ఖర్చు కోటీ 55 లక్షల రూపాయలు. పంచాయతీ పొదుపు చేసుకున్నది 40 లక్షలు, మిగతాది బ్యాంకు అప్పు. ఊళ్లో గాలి చాలదని గాలి బాగా వీచే మరోచోట దాన్ని నిలబెట్టారు. ఊరి అవసరం ఏటా నాలుగున్నర లక్షల యూనిట్లయితే, గాలిమర ఇచ్చింది ఆరున్నర లక్షలకు పైనే. మిగిలింది విద్యుత్‌ బోర్డుకు అమ్మి ఆ సొమ్ముతోనే అప్పు తీర్చారు.

అందరూ గాలిమరలు కొనక్కర్లేదు, కొనలేరు కూడా. కానీ నెలకు ఎన్ని గంటలు మోటారు వేస్తున్నారు, ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి అని ఓ పుస్తకంలో రాయడానికి అప్పు చేయాల్సిన పనిలేదుగా!

నీటి పరీక్షకూ అంతే. 2019లో మొదలైన జల్‌జీవన్‌ మిషన్‌ కింద ఊరికి అయిదుగురు మహిళలకు పరీక్ష కిట్లతో శిక్షణ ఇవ్వాలన్నారు. క్లోరిన్‌ ఉంటే నీళ్లలో చుక్కల మందు వేయగానే పసుపు రంగు తేలుతుంది. బ్యాక్టీరియా ఉంటే చిన్న సీసాలో పట్టి ఉంచిన నీళ్లు ఒకట్రెండు రోజుల్లో నల్లబడతాయి. చదువు పెద్దగా లేనివాళ్లయినా చూసి చెప్పేయొచ్చు. చిక్కల్లా సీసా నల్లబడ్డాకే. ఆ ఫలితం ఎవరికి చెప్పాలి, ఎన్నిరోజుల్లో పైపు బాగుచేయాలి, అంతదాకా ఆ వీధికి నీళ్లెలా... ఇవేవీ తేల్చకుండా పరీక్షలు చేస్తే రిజిస్టరు నిండుతుంది, అంతే.

డబ్బు లేదనేది పాత జవాబు. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం పల్లెలకు ఇమ్మన్న గ్రాంట్లలో 60 శాతం నీటికీ పారిశుద్ధ్యానికే కేటాయించింది. మీ ఊళ్లో అది దేనికి ఖర్చయిందో గ్రామసభలో లేచి అడగొచ్చు. పనిలో పనిగా ఇంకో మూడు విషయాలు కూడా... పోయిన నెల మోటారు కరెంటు బిల్లెంత, బ్లీచింగ్‌ పౌడరు ఎప్పుడు కొన్నారు, చివరి ఇంటి కుళాయి నీళ్లు ఆఖరుసారి ఎప్పుడు పరీక్షించారు?